కడుపు తొమ్మిది నెలలు, ఫైలు పన్నెండు నెలలు

తమ్ముడూ, 'అన్నా' అని పిలిచావు కాబట్టి చనువుగా 'నువ్వు' అనే రాస్తున్నాను. నీ సంగతి నాకు అర్థమైనంతవరకు ఇదీ. నువ్వు కెనడాలో పీఆర్ (శాశ్వత నివాసి), అంటారియోలో ఉద్యోగం. పీఆర్ వచ్చిన మూడేళ్లకి వైజాగ్ వచ్చి సింహాచలంలో పెళ్లి చేసుకున్నావు. మీ ఆవిడ గాజువాకలో మీ అమ్మానాన్నల దగ్గర ఉంది, ఇప్పుడు నాలుగో నెల. ఆమెని అక్కడికి పీఆర్‌గా రప్పించే స్పాన్సర్‌షిప్ ఫైలు ఇంకా వేయలేదు. ఇంకోపక్క నీ సిటిజన్‌షిప్ దరఖాస్తు నడుస్తోంది, టెస్ట్ పాసయ్యావు, పౌరసత్వ ప్రమాణం తేదీ రావాలి. అడిగినవి మూడు: డెలివరీలోపు ఆమెకి పీఆర్ వస్తుందా, మెడికల్‌లో ఎక్స్‌రే తీస్తారట కదా బిడ్డకి ఏమైనా అవుతుందా, సెలవు పెట్టి ఆరేడు నెలలు వైజాగ్‌లోనే ఉండిపోతే ఫైలుకి ఇబ్బందా.

నేను లాయర్ని కాదు, కన్సల్టెంట్‌ని అసలే కాదు. 2017లో మా ఆవిడ ఫైలు వేశాను, మధ్యలో మా అమ్మాయి పుట్టింది. ఆ తర్వాత మా చుట్టాల్లో ఇద్దరికి ఇదే దారిలో దగ్గరుండి కాగితాలు నడిపించాను. నాకు తెలిసిందంతా ఆ మూడు ఫైళ్ల చలవే.

మొదటి ప్రశ్నకి జవాబు: రాదు. వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకు. భార్యాభర్తల ఫైలుకి కెనడా ఇమిగ్రేషన్ వాళ్లు పెట్టుకున్న గడువు 12 నెలలు. కొన్ని ముందే తేలతాయి, కొన్ని దాటిపోతాయి. నువ్వు ఈ నెలలోనే వేసినా మీ ఆవిడకి మిగిలింది అయిదు నెలలు. గర్భం అని ఉత్తరం రాస్తే ఫైలు ముందుకి జరుపుతారని అంటారు గానీ, నేను చూసిన మూడింట్లోనూ జరగలేదు. కాబట్టి డెలివరీతో పరుగు పందెం పెట్టుకోవడం ముందు మానెయ్. నేను ఆ పందెంలో పరిగెత్తి, తొందరలో ఫారాల్లో తప్పులు రాసి, అవి దిద్దుకోవడానికి రెండు నెలలు పోగొట్టుకున్నాను.

నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది, అసలు పని అక్కడే ఉంది. బిడ్డ పుట్టిన రోజుకి నువ్వు ఎవరు, మీ ఆవిడ ఎవరు? నువ్వు ఆ రోజుకి పీఆర్‌వా, సిటిజన్‌వా? ఆమె ఆ రోజుకి కెనడాలో ల్యాండ్ అయిందా (పీఆర్‌గా అడుగుపెట్టిందా), కాలేదా? బిడ్డకి ఏ కాగితాలు కావాలో, ఏ ఫారంలో రాయాలో, ఎంత ఆలస్యమవుతుందో అన్నీ ఆ ఒక్క రోజు తేల్చేస్తుంది.

నీ ప్రమాణం సంగతి చూద్దాం. బిడ్డ పుట్టే రోజుకి నువ్వింకా పీఆర్‌వే అయితే, వైజాగ్‌లో పుట్టిన బిడ్డ కెనడా పౌరుడు కాదు. తర్వాత వారంలోనే నువ్వు ప్రమాణం చేసినా కాదు. ఆ బిడ్డని మీ ఆవిడ ఫైల్లోనే డిపెండెంట్ చైల్డ్‌గా చేర్చాలి. అదే నువ్వు ముందు ప్రమాణం చేసి, మర్నాడు బిడ్డ పుడితే, ఆ బిడ్డ పుట్టుకతోనే కెనడా పౌరుడు. అప్పుడు స్పాన్సర్ చేయడమన్న మాటే ఉండదు. సిటిజన్‌షిప్ సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టాలి, అది వచ్చాక కెనడా పాస్‌పోర్ట్. మీ ఆవిడ ఫారాల్లో మాత్రం బిడ్డ పేరు ఉండాలి, కెనడా సిటిజన్ అని రాయాలి.

ఇది వినగానే 'అయితే ప్రమాణం ముందు అయిపోతే బావుణ్ణు' అనుకుంటావు. అందులోనూ చిక్కుంది. సర్టిఫికెట్ చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు. ఈలోగా తల్లికి పీఆర్ వచ్చేసి, బిడ్డ కాగితం రాక కూర్చున్నవాళ్లు ఉన్నారు. బిడ్డ కెనడా పాస్‌పోర్ట్ మీద ఇండియా దాటాలంటే అందులో మన వీసా ముద్ర ఉండదు కదా, ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల నమోదు కార్యాలయం) సైట్లో ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలి. రెండు దేశాల పాస్‌పోర్ట్‌లు పక్కపక్కన ఉంచుకోవడం మన చట్టం ఒప్పుకోదు.

ఇంకొకటి, ఇది నీ గురించే. ప్రమాణం చేసిన నిమిషం నుంచి నీ ఇండియన్ పాస్‌పోర్ట్ చెల్లదు. దాన్ని సరెండర్ చేసి, కెనడా పాస్‌పోర్ట్ తీసుకుని, దానిమీద ఇండియా వీసా గానీ ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకిచ్చే కార్డు) గానీ వస్తేనే వైజాగ్ రాగలవు. డెలివరీకి మూడు వారాల ముందు ప్రమాణం పడిందనుకో, పురిటికి నువ్వు ఇక్కడ ఉండవు. మా పెదనాన్న మనవడికి అచ్చం ఇదే జరిగింది. ఇక్కడ బారసాల అయిపోయింది, తండ్రి అక్కడ వీసా కోసం ఎదురుచూస్తూ వీడియో కాల్లో ఊయల చూశాడు. ప్రమాణం కెనడాలో ఉండి చేయాల్సిందే, ఆన్‌లైన్‌లో పెట్టినా సరే. కాబట్టి తేదీ వస్తే క్యాలెండర్ పక్కన పెట్టుకుని నింపాదిగా ఆలోచించు. ఆ తేదీకి రాలేనని కారణం చెప్పి ఇంకో తేదీ అడగొచ్చు.

ఇక ల్యాండింగ్. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇచ్చే సలహాల్లో అన్నిటికంటే ప్రమాదకరమైంది ఇక్కడే ఉంటుంది. మా అమ్మాయి పుట్టిన మూడు వారాలకి మా ఆవిడ పాస్‌పోర్ట్ పంపమని మెయిల్ వచ్చింది. అంటే పీఆర్ ఖాయం. మేమింకా బిడ్డ పుట్టినట్టు చెప్పలేదు, బర్త్ సర్టిఫికెట్ చేతికి రాలేదు. ఇంట్లో పెద్ద సభ. మా మేనమామ అన్నాడు: "పిల్లని అమ్మమ్మ దగ్గర వదిలి మీరిద్దరూ వెళ్లి ల్యాండ్ అయిపోండి, తర్వాత పిల్లని పిలిపించుకోవచ్చు, ఎంతమంది చేయడం లేదూ." నాకూ ఒక పూట అదే తెలివైన పనిగా తోచింది, నిజం చెప్పొద్దూ.

అలా చేసుంటే ఏమయ్యేది? పీఆర్‌గా అడుగుపెట్టే రోజుకి ఉన్న పిల్లలందరినీ చెప్పి ఉండాలి, వాళ్లకి మెడికల్ అయి ఉండాలి. చెప్పకుండా ల్యాండ్ అయితే, మామూలు నిబంధన ప్రకారం ఆ తల్లి ఆ తర్వాత ఆ బిడ్డని స్పాన్సర్ చేయలేదు. వాళ్ల రెగ్యులేషన్స్‌లో 117(9)(డి) అని ఒక క్లాజ్ ఉంది, దాని పేరు చెబితే అక్కడి లాయర్లు కూడా మొహం చిట్లిస్తారు. తండ్రి వేరే ఫైలు వేసుకుంటాడులే అంటావా? ఆ ఫైల్లో బిడ్డ పుట్టిన తేదీ కనబడగానే, తల్లి ల్యాండ్ అయిన రోజు ఆ సంగతి దాచిందని బయటపడుతుంది. దాన్ని మిస్‌రెప్రజెంటేషన్ అంటారు, అది తేలితే ఉన్న పీఆర్ పోయి అయిదేళ్ల నిషేధం. పాస్‌పోర్ట్ పంపకుండా, ఇమిగ్రేషన్ వాళ్ల సైట్లో ఉండే వెబ్‌ఫారంలో బిడ్డ పుట్టిందని రాసేశాం. ఫైలు అయిదు నెలలు ఆగింది. అత్తగారింట్లో కొందరు నాతో మాట్లాడటం మానేశారు. అయినా ముగ్గురం ఒకే ఫ్లైట్‌లో వెళ్లాం.

బిడ్డని వెంట తీసుకెళ్లకపోయినా, పేరు చెప్పి మెడికల్ చేయించి ఉంటే తర్వాత దారి మూసుకుపోదు. చెప్పకపోవడమే తప్పు.

దీనికే ఇంకో రూపం ఉంది, మీ ఆవిడకి వర్తించదు గానీ చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుంది. అమ్మాయికి ఏడో నెలలో పీఆర్ వచ్చింది, వెళ్లి ల్యాండ్ అయింది, 'తొలి కాన్పు పుట్టింట్లోనే' అని మళ్లీ వైజాగ్ వచ్చేసింది. అమ్మానాన్నలిద్దరూ పీఆర్, ఎవరూ సిటిజన్ కాదు. వైజాగ్‌లో పుట్టిన ఆ బిడ్డ పీఆర్ కాదు, పౌరుడూ కాదు. మళ్లీ మొదటినుంచి బిడ్డకి వేరే స్పాన్సర్‌షిప్. తల్లి తిరిగి వెళ్లాలా, బిడ్డతో ఉండాలా? పుట్టింటి ఆచారాన్ని తప్పుపట్టడం లేదు. ఆచారం కోసమైతే ల్యాండింగే కాన్పు తర్వాతికి పెట్టుకోవచ్చు, బిడ్డని చేర్చి.

ఫైలు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది అనుకున్నంత కష్టం కాదు. భార్యని స్పాన్సర్ చేయడానికి నీకు ఇంత జీతం ఉండాలన్న నిబంధన లేదు. ఆమెకి ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ పరీక్ష) అక్కర్లేదు, డిగ్రీ అక్కర్లేదు. నువ్వు ప్రభుత్వ సోషల్ అసిస్టెన్స్ తీసుకుంటూ ఉండకూడదు, దివాలాలో ఉండకూడదు, ముఖ్యంగా చూసేవి ఇవి. మూడేళ్లు ఆమె ఖర్చు నీదని రాసివ్వాలి, బిడ్డకైతే పదేళ్లు లేదా 25 ఏళ్ల వయసు, ఏది ముందైతే అది. ఫారాల్లో ఐఎంఎం 1344 నీది, ఐఎంఎం 0008, 5669, 5406 ఆమెవి, 5532 ఇద్దరిదీ. అన్నీ పీఆర్ పోర్టల్లో ఆన్‌లైన్. 2024 ఏప్రిల్ 30 నుంచి పెట్టిన లెక్క ప్రకారం స్పాన్సర్‌షిప్ 85, ప్రాసెసింగ్ 545, పీఆర్ హక్కు రుసుము 575, మొత్తం 1,205 డాలర్లు ఉండేది, వేలిముద్రలకి ఇంకో 85. బిడ్డని చేర్చినప్పుడు అప్పట్లో 175. రెండేళ్లకోసారి పెంచుతారు, కట్టే రోజు సైట్లో చూసుకుని కట్టు, ఒక్క డాలర్ తగ్గినా ఫైలు వెనక్కి వస్తుంది. ఇండియాలో ఉండగానే వేసే ఫైలు కాబట్టి, ఒకవేళ తిరస్కరిస్తే అప్పీల్ హక్కు ఉంటుంది. కెనడా లోపలినుంచి వేసే రకానికి అది లేదు.

నీ పెళ్లి నీ ల్యాండింగ్ తర్వాతే అయింది కాబట్టి ఒక పెద్ద గొడవ తప్పింది. ల్యాండింగ్‌కి ముందే గుట్టుగా రిజిస్టర్ మ్యారేజ్ చేసుకుని, ఫారంలో 'అవివాహితుడు' అని రాసినవాళ్లు ఇప్పుడు భార్యని తెచ్చుకోలేక ఏడుస్తున్నారు. పైన చెప్పిన క్లాజే.

పెళ్లి నిజమైనదేనని చూపించాలి. సింహాచలంలో తలంబ్రాల ఫోటోలు, శుభలేఖ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్, డబ్బు పంపిన రసీదులు, కాల్ రికార్డులు, నీ ప్రయాణాల టికెట్లు. ఫోటోలు మూడొందలు పెట్టకు, ఇరవై చాలు. ప్రతి దాని కింద ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని రాయి. పెద్దలు కుదిర్చిన పెళ్లి అయితే పెళ్లిచూపులు ఎలా జరిగాయో ఒక పేజీ సొంతమాటల్లో రాయి. గర్భం కూడా బలమైన సాక్ష్యమే, స్కాన్ రిపోర్టులు జతచెయ్యి. అయితే ఇబ్బందిగా ఉన్నా ఒక మాట చెప్పాలి: ఆఫీసర్ లెక్కపెడతాడు. స్కాన్‌లో రాసిన వారాలు, నీ పాస్‌పోర్ట్‌లో వైజాగ్ రాకపోకల ముద్రలు సరిపోవాలి. సరిపోతాయని నీకు తెలుసు, ఆయనకి కనబడేలా పెట్టాలి. తెలుగులో ఉన్న ఏ కాగితానికైనా ఇంగ్లిష్ అనువాదం, అనువాదకుడి అఫిడవిట్ ఉండాలి, చుట్టాలు చేసిన అనువాదం చెల్లదు. డెలివరీ ఎప్పుడో ఒక వివరణ లేఖలో ముందే రాసెయ్. అప్పుడు బిడ్డని చేర్చేటప్పుడు వాళ్లకి కొత్త సంగతిగా ఉండదు.

పోలీస్ క్లియరెన్స్‌లో మన అమ్మాయిలకి ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. పీసీసీ పాస్‌పోర్ట్ సేవా ద్వారా 500 రూపాయలు కట్టి తీసుకోవాలి. పాస్‌పోర్ట్‌లో పుట్టింటి చిరునామా ఉంటుంది, ఆధార్‌లో ఇంకా అదే ఉంటుంది, మనిషి అత్తవారింట్లో ఉంటుంది. కానిస్టేబుల్ పుట్టింటికి వెళ్లి 'ఇక్కడ ఉండటం లేదు' అని రాసి వెళ్లిపోతాడు. దరఖాస్తులో ఏ చిరునామా రాస్తే ఆ ఇంట్లో, ఆ వారం పది రోజులు ఆమె ఉండేలా చూసుకో. నెలలు నిండాక తిప్పడం ఎందుకు, ఇప్పుడే చేయించెయ్. ఫైలు వేసే నాటికి ఇండియా పీసీసీకి ఆరు నెలలు దాటకూడదని మాత్రం గుర్తుంచుకో.

ఇప్పుడు ఎక్స్‌రే. భయపడుతున్నది మీ అమ్మగారని రాశావు, మా అత్తగారూ అంతే. మెడికల్ అంటే ప్యానెల్ ఫిజీషియన్ అని వాళ్ల జాబితాలో ఉన్న డాక్టరే చేయాలి, మీ ఫ్యామిలీ డాక్టర్ చేస్తే పనికిరాదు. పదకొండేళ్లు దాటిన అందరికీ ఛాతీ ఎక్స్‌రే ఉంటుంది, టీబీ కోసం. పదిహేను దాటితే రక్తపరీక్షలు, హెచ్ఐవీ, సిఫిలిస్ కూడా. గర్భిణికి రెండు దారులు ఉన్నాయి: పొట్టకి సీసం కవచం కట్టి, ఆమె సంతకం తీసుకుని ఇప్పుడే తీయడం, లేదా డెలివరీ అయ్యేదాకా వాయిదా వేయడం. ఛాతీ ఎక్స్‌రేలో కడుపు దాకా వెళ్లే రేడియేషన్ చాలా తక్కువ, డాక్టర్లు మామూలుగా అదే చెబుతారు. అయినా నా సలహా వాయిదానే. భయంతో చెప్పడం లేదు, లెక్కతో చెబుతున్నాను. బిడ్డ పుట్టాక బిడ్డకి ఎలాగూ మెడికల్ చేయించాలి. అప్పుడు తల్లి ఎక్స్‌రే, బిడ్డ పరీక్ష ఒకే ప్రయాణంలో అయిపోతాయి. పైగా మెడికల్‌కి ప్రాణం 12 నెలలే. ఇప్పుడే తీయించుకుంటే, బిడ్డని చేర్చడంలో ఆలస్యమై గడువు దాటితే మళ్లీ మొదలు. వాయిదా వేయాలంటే ఊరికే వెళ్లకుండా ఉండకు, మెడికల్ ఉత్తరం వచ్చాక గర్భిణి అని, ప్రసవం తర్వాత ఎక్స్‌రే తీయించుకుంటానని గడువులోపు రాసి పంపు, గైనకాలజిస్ట్ ఇచ్చిన కాగితం జతచెయ్యి.

పసిబిడ్డకి ఎక్స్‌రే లేదు, రక్తం తీయరు. బరువు, పొడవు, తల చుట్టుకొలత, డాక్టర్ చూపు, అంతే. ఒకవేళ తల్లికో బిడ్డకో ఏదైనా ఆరోగ్య సమస్య ఉన్నా, 'వైద్యం ఖర్చు మా మీద పడుతుంది' అన్న కారణంతో భార్యని, పిల్లల్ని ఆపరు. ఆ నిబంధన నుంచి వాళ్లకి మినహాయింపు ఉంది. ఈ ఒక్క వాక్యం మీ అమ్మగారికి చదివి వినిపించు.

మేం మెడికల్‌కి హైదరాబాద్ వెళ్లాం. ఆ మధ్య మా తమ్ముడి భార్య వేలిముద్రలకి కూడా హైదరాబాదే. ఏడో నెల దాటనివ్వకుండా వేలిముద్రలు ముగించుకోండి. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి దిగుతారు. టికెట్ తీసేటప్పుడు గర్భిణులకి ఉన్న లోయర్ బెర్త్ కోటా అడుగు, చాలామందికి అది ఉందనే తెలియదు. మా ఆవిడ ఆరో నెలలో మిడిల్ బెర్త్ ఎక్కింది నా తెలివితక్కువతనం వల్లే, ఇప్పటికీ దెప్పుతుంది.

ఇంక పేర్లు. నేను చూసిన మూడు ఫైళ్లలో మూడూ పేర్ల దగ్గరే ఆగాయి. తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడిలో కొందరికి ఇంటిపేరు ఉంటుంది, కొందరికి ఖాళీ, కొందరికి నాన్నగారి పేరు. పెళ్లయ్యాక అమ్మాయి ఆధార్‌లో నీ ఇంటిపేరు, పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరు. ఆస్పత్రి వాళ్లు డిశ్చార్జ్ కాగితం మీద ఏది వినబడితే అది రాస్తారు, బర్త్ సర్టిఫికెట్‌కి అదే వెళుతుంది. మా అమ్మాయి సర్టిఫికెట్‌లో తల్లి పేరులో ఒక అక్షరం పోయింది, ఇంటిపేరు చివర్లో చేరింది. ఆ ఆస్పత్రి పేరు అనవసరం. దాన్ని దిద్దించడానికి నలభై రోజులు తిరిగాను.

అడ్మిట్ అయ్యే రోజే మీ ఆవిడ పాస్‌పోర్ట్ జిరాక్స్, నీ పాస్‌పోర్ట్ జిరాక్స్ కౌంటర్లో ఇచ్చి, 'ఇందులో ఎలా ఉంటే అలాగే రాయండి' అని చెప్పించు. నోటిమాటగా చెప్పొద్దు. పుట్టుక 21 రోజుల్లోపు నమోదు కావాలి, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పరిధిలో అయితే సర్టిఫికెట్ అక్కడినుంచే. మన బారసాల కూడా చాలా ఇళ్లలో 21వ రోజే, అప్పటిదాకా పేరు బయటపెట్టరు. అందుకని పేరు లేకుండా సర్టిఫికెట్ తీసుకుని 'తర్వాత చేర్చుకుందాం' అంటారు. ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు, నిజమే. కానీ పేరు లేని సర్టిఫికెట్‌తో బిడ్డకి పాస్‌పోర్ట్ రాదు, పాస్‌పోర్ట్ లేకుండా ఫైలు కదలదు. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టినవాళ్లకి పాస్‌పోర్ట్‌కి పుట్టిన తేదీ రుజువుగా బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే చెల్లుతుంది, ఇంకో కాగితం చూపిస్తానంటే ఒప్పుకోరు. కాబట్టి పేరు ఇంట్లో నలుగురూ ఇప్పుడే అనుకుని, రహస్యంగానే ఉంచుకోండి. మీ ఇంట్లో న్యూమరాలజీ నమ్మేవాళ్లుంటే, ఆ రెండు 'ఏ'లు ఎక్కడ పెట్టాలో కూడా సర్టిఫికెట్‌కి ముందే తేల్చుకోండి, తర్వాత కాదు.

నీ ఇంటిపేరు కోసం మీ ఆవిడ పాస్‌పోర్ట్ ఇప్పుడు మార్పించకు. కెనడాకి అది అక్కర్లేదు. పుట్టింటి పేరుతోనే పీఆర్ వస్తుంది, మ్యారేజ్ సర్టిఫికెట్ వారధిగా సరిపోతుంది.

ఈ పాస్‌పోర్ట్ మాట, నువ్వింకా పీఆర్‌గా ఉండగా బిడ్డ పుడితేనే. పసిబిడ్డైనా పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి తీసుకెళ్లాలి. దాని చెల్లుబాటు అయిదేళ్లు. నాలుగేళ్లలోపు పిల్లలకి ఫోటో మనమే తీసుకెళ్లాలి, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో. నెల పిల్లని కళ్లు తెరిపించి ఫోటో తీయడం ఒక విద్య, మంచం మీద తెల్ల దుప్పటి పరిచి మేం అరవై తీశాం. అమ్మానాన్నలిద్దరూ అనెక్షర్ డి (సమ్మతి పత్రం) మీద సంతకం పెట్టాలి. నువ్వు కెనడాలో ఉండిపోతే అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో అఫిడవిట్ అటెస్ట్ చేయించి పంపాలి, అదొక నెల.

మూడో ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. ఆరేడు నెలలు రావొద్దు. పీఆర్‌గా స్పాన్సర్ చేసేవాడు ఫైలు నడిచినంతకాలం కెనడాలో కాపురం ఉండాలి. వచ్చి వెళ్లడం తప్పు కాదు, వైజాగ్‌లో మకాం పెట్టేశాడనిపిస్తే ఫైలు పోతుంది. సిటిజన్ అయితే బయట ఉండి కూడా స్పాన్సర్ చేయొచ్చు, తిరిగి వెళతామని చూపించాలి. నువ్వు ఉన్న సెలవంతా డెలివరీకి వారం పది రోజుల ముందు మొదలుపెట్టి అయిదారు వారాలు తీసుకో. ఆ సమయంలో సర్టిఫికెట్, బారసాల, పాస్‌పోర్ట్ సంతకం అన్నీ నీ ఎదురుగా అవుతాయి. ఇప్పుడు వేవిళ్లప్పుడు వస్తే ఆమెకి మనసు బాగుంటుంది, కాదనను. కానీ రెండుసార్లకి సెలవు లేకపోతే రెండోదే ఎంచుకో.

విజిటర్ వీసా మీద తీసుకెళ్లి అక్కడే కాన్పు చేయిద్దామా అని నువ్వు చివర్లో ఒక లైన్ రాశావు. చట్టం దాన్ని నిషేధించలేదు. పీఆర్ ఫైలు నడుస్తుండగా విజిటర్ వీసా అడగొచ్చు, గర్భిణి అన్న కారణంతోనే ఆపరు, అక్కడ పుట్టిన బిడ్డ పుట్టుకతో పౌరుడే. కానీ విజిటర్‌కి అంటారియో ఆరోగ్య బీమా రాదు. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉన్న గర్భానికి కాన్పు ఖర్చు సాధారణంగా ఇవ్వదు. మామూలు కాన్పుకే వేల డాలర్లు, సిజేరియన్ అయితే ఇంకా, బిడ్డని ఎన్ఐసీయూలో (పసికందుల ఐసీయూ) పెట్టారంటే ఆ బిల్లు తల్చుకోవద్దు. ప్రయాణం చూస్తే, 28 వారాలు దాటితే చాలా ఎయిర్‌లైన్లు డాక్టర్ లెటర్ అడుగుతాయి, 36 దాటితే ఎక్కించుకోరు, కొన్ని ఇంకా ముందే ఆపుతాయి. వీసా వచ్చేసరికి మీరు ఆ అంచున ఉంటారు. అక్కడ పురుడు పోసేదెవరు? మీ అత్తగారికి కూడా వీసా కావాలి. నాకైతే మీ విషయంలో వైజాగే నయం. ఇక్కడ తెలిసిన డాక్టర్, ఇటు పుట్టిల్లు, అటు అత్తిల్లు. అదే ఆమె పీఆర్‌గా ల్యాండ్ అయ్యాక అయితే అంటారియో ఆరోగ్య బీమాకి మూడు నెలల నిరీక్షణ 2020 నుంచి లేదు, వెంటనే బీమా కార్డు. బ్రిటిష్ కొలంబియాలో అయితే ఆ నెల మిగిలిన రోజులు, పైన రెండు నెలలు ఆగాలి.

వీసా అడిగేట్టయితే పీఆర్ ఫైలు సంగతి, గర్భం సంగతి రెండూ రాయి. మా తమ్ముడి భార్యకి సిటీలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు 'టూరిజం అని రాయండి, కడుపు కనబడని వదులు చుడీదార్ వేసుకుని ఫోటో దిగండి' అని చెప్పారు. ఆ సలహాకి పాతికవేలు. కన్సల్టెంట్ కావాలనుకుంటే, కెనడాలో కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ అని ఉంది, వాళ్ల రిజిస్టర్‌లో ఆ మనిషి పేరు ఉందో లేదో నువ్వే చూసుకో. గోడమీద మేపుల్ ఆకు బొమ్మ ఉంటే లైసెన్స్ ఉన్నట్టు కాదు.

బిడ్డ పుట్టాక, సర్టిఫికెట్ రాకముందే, వెబ్‌ఫారంలో రెండు లైన్లు పంపెయ్: ఫలానా ఫైలు, ఫలానా తేదీన బిడ్డ పుట్టింది, కాగితాలు పంపుతాం, అంతవరకు ఫైలు ముగించవద్దు. నేను ఆలస్యం చేసింది ఇక్కడే. ఆ తర్వాత సర్టిఫికెట్, బిడ్డ పాస్‌పోర్ట్, బిడ్డ పేరు చేర్చిన కొత్త ఫారాలు, బిడ్డ రుసుము కట్టిన రసీదు. బిడ్డకి మెడికల్ ఉత్తరం వస్తుంది, అప్పుడు తల్లి ఎక్స్‌రేతో కలిపి హైదరాబాద్. పసిబిడ్డకి వేలిముద్రలు అక్కర్లేదు, పద్నాలుగేళ్లు దాటినవాళ్లకే. నువ్వు మధ్యలో సిటిజన్ అయితే ఆ సంగతి కూడా అదే దారిలో తెలియజెయ్యి.

ఈ వారం రెండు పనులు చెయ్. మీ ఇద్దరి పాస్‌పోర్ట్, ఆధార్, మ్యారేజ్ సర్టిఫికెట్, ఆస్పత్రి కార్డు ఫోటోలు తీసి పక్కపక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం సరిచూడు. పీసీసీకి అపాయింట్‌మెంట్ తీసుకో. ప్రమాణం తేదీ వస్తే, డెలివరీ డేట్ జతచేసి నాకో మాట రాయి, అప్పుడు బిడ్డ పాస్‌పోర్ట్ ఏ దేశానిదో చూసుకుని మిగతాది మాట్లాడుకుందాం.